ఎనిమిదో తరగతి గోడ పత్రిక

ఈరోజు మధ్యాహ్నం సోషల్ మేడం తన పీరియడ్ కూడా నాకిచ్చేశారు, దాంతో గోడ పత్రిక పని మొత్తం అయిపోయింది. పోయినసారి అందరిదీ ఒకటే బొమ్మ, రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు. మా కడియం చుట్టూ నర్సరీలు తప్ప కొండలెక్కడున్నాయసలు! అందుకే ఈసారి ముందే చెప్పేశా, కళ్లతో చూడనిది గీయొద్దు, కథ చివర నీతి రాయొద్దు అని. "మరింకేం రాయాలండీ?" అని బిక్కమొహాలేశారు.

అయినా వచ్చాయి. ఒకమ్మాయి షీటు నిండా వాళ్లమ్మ చేతులు గీసింది, మొహం లేదు ఏం లేదు, నర్సరీ కవర్లలో మట్టి నింపే రెండు చేతులంతే. క్లాసులో నోరు విప్పని ఒక పిల్లాడు గులాబీ అంటు గురించి రాశాడు, అదీ కింద ఉండే నాటు మొక్క చెప్పినట్టు. "నా కొమ్మలు కోసేసి నా మీద ఇంకోదాన్ని కట్టేరు, నీళ్లు నేను తాగి పెడితే పువ్వు దానిదంట, పేరూ దానిదే." చదివి కాసేపు అలా ఉండిపోయా, ఈ వయసులో నాకైతే ఇది తట్టేది కాదు. స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన "ఆళ్లు, ఈళ్లు అని రాశాడు, దిద్దరా?" అన్నారు. ఒత్తులూ దీర్ఘాలూ దిద్దాను గానీ వాడి మాట జోలికి మాత్రం పోలేదు, అది మార్చేస్తే ఇంక ఎవరు రాసినా ఒకటే కదా.

ఇంత చెప్పినా ఒకడు మళ్లీ రెండు కొండలు, మధ్యలో సూర్యుడు పట్టుకొచ్చాడు. ఏంట్రా ఇది అంటే "పాపికొండలండీ, లాంచీలో వెళ్లేం, నిజంగానే చూశానండీ" అన్నాడు! ఇంకేం మాట్లాడతాం, పైన అంటించాం.

మా రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో వందేళ్ల కిందటే కూల్డ్రే దొర చేసింది ఇలాంటి పనే. ప్రిన్సిపాల్ అయ్యుండి దామెర్ల రామారావునీ, అడివి బాపిరాజునీ చేరదీశాడు, బొమ్మలేసేవాణ్ణి బొమ్మలెయ్యనిచ్చాడు, రాసేవాణ్ణి రాయనిచ్చాడు. రామారావు బొమ్మలు నేర్చుకోవడానికి బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చేరడం వెనక కూడా ఆయన ప్రోత్సాహముంది. పాపం 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయాడు రామారావు, బొమ్మలు మాత్రం రాజమండ్రిలోనే ఆయన పేరు మీదున్న గ్యాలరీలో ఉన్నాయి. ఇంత దగ్గర్లో పెట్టుకుని మా పిల్లల్లో చాలామంది చూడనేలేదు. వచ్చే నెల తీసుకెళ్తానంటే హెడ్మాస్టారు వెంటనే సరే అన్నారు, ఆటోల డబ్బులు ఎవరిస్తారో అది మాత్రం ఇంకా తేలలేదు.