చిక్కుపడ్డ గొలుసులతో ఒక మధ్యాహ్నం

ఈ రోజు మధ్యాహ్నమంతా గొలుసుల చిక్కు తీయడంతోనే గడిచిపోయింది. నగల పెట్టెలో ఒక మూలన చాలాకాలంగా ఉండచుట్టుకుని పడి ఉన్నవాటిని బయటకు తీసి చూస్తే మూడు గొలుసులు కలగలిసిపోయి ఉన్నాయి. ఒకటి చిన్న లాకెట్ ఉన్న సన్నని బంగారు గొలుసు, ఒకటి నల్లబడిన వెండి గొలుసు, మూడవది లంకెలు విడిగా కనిపించకుండా నున్నగా ఉండే స్నేక్ చైను. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో కంటికి ఆనలేదు.

వెంటనే వేళ్ళతో లాగాలనిపిస్తుంది కాని, ఆ పని చేయలేదు. బల్ల మీద తెల్లని గుడ్డ పరిచి, దీపం దగ్గరకు జరుపుకుని, భూతద్దం పట్టుకుని చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చున్నాను. గుడ్డ ఉంటే గొలుసు జారదు, ఊడిన రింగు ఏదైనా ఉంటే దొర్లిపోకుండా అక్కడే ఆగుతుంది. నేను ముందుగా వెతికింది ముడిని కాదు, కొక్కాలను. బంగారు గొలుసు కొక్కెం పెట్టే ఉంది. మిగిలిన రెండింటివీ ఊడి ఉన్నాయి.

ఈ తేడాను బట్టే పని ఎలా సాగుతుందో తెలిసిపోతుంది. కొక్కెం పెట్టిన గొలుసు మూసి ఉన్న వలయం. దానికి విడి కొస లేదు కనుక, అది ఎన్ని మడతలు పడినా, ఎంత గజిబిజిగా కనిపించినా, దానిలో నిజమైన ముడి పడదు. ఓపికగా వెనక్కు నడిపిస్తే కొక్కెం తీయకుండానే మొదటి రూపానికి వచ్చి తీరుతుంది. విడివిడిగా మూసి ఉంచిన రెండు గొలుసులు కూడా ఒకదానిలో ఒకటి శాశ్వతంగా చిక్కుకోలేవు. కొక్కెం ఊడి ఉన్న గొలుసు సంగతి వేరు. దాని కొస తన చుట్టల మధ్య నుంచి, పక్క గొలుసు చుట్టల మధ్య నుంచి దూరి అవతలకు వెళ్ళిపోగలదు.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియాగో విభాగంలో డోరియన్ రేమర్, డగ్లస్ స్మిత్ అనే పరిశోధకులు ఒక పెట్టెలో తాడు వేసి, ఆ పెట్టెను గిరగిరా తిప్పి, ముడులు ఎలా పడతాయో 3,415 సార్లు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. ముడులు కొద్ది సెకన్లలోనే పడుతున్నాయని, తాడు చుట్టలుగా పడినప్పుడు దాని కొస పక్క చుట్టల కిందుగా, మీదుగా అల్లుకుపోవడమే అందుకు కారణమని వారు వివరించారు. వారికి కనిపించిన ముడులు 120 రకాలు. 46 సెంటీమీటర్ల కన్నా పొట్టి తాడుకు మాత్రం ముడులు పడలేదు. మెడ గొలుసుల్లో ఎక్కువగా కనిపించే 18 అంగుళాల పొడవు సరిగ్గా ఆ హద్దు దగ్గరే ఉంది! అయితే ఆ కొలత వారు వాడిన తాడుకే చెందుతుంది. తాడు ఎంత మెత్తగా వంగితే ముడి అంత సులువుగా పడుతుందని కూడా ఆ పరీక్షల్లోనే తేలింది కనుక, సన్నని గొలుసు ఆ పొడవును చూసుకుని ధీమాగా ఉండలేదు. ఈ పరిశోధనకు 2008లో ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చేది అది. జనం నవ్వుకునే బహుమతే అయినా, ఇంట్లో రోజూ కళ్ళ ముందు జరిగే ఒక విషయాన్ని అంత శ్రద్ధగా పరిశీలించిన వారంటే నాకు నిజమైన గౌరవం.

మొదట స్నేక్ చైనును కదలకుండా ఉంచాలని నిర్ణయించుకున్నాను. ఆ రకం గొలుసు గుండ్రంగా ఎంతైనా తిరుగుతుంది కాని, ఒక్కచోట పదునుగా మడిస్తే ఆ నొక్కు ఇక పోదు. అందుచేత దానిని గుడ్డ మీద వెడల్పాటి వంపుగా సర్ది, మిగిలిన రెండింటినే దాని మీద నుంచి ఒక్కొక్క చుట్టగా తప్పించాను. అది బయటపడగానే ఉండ సగానికి సగం వదులైంది.

బంగారు గొలుసు దగ్గరే అసలు సమయం పట్టింది. భూతద్దంలో చూస్తే ముడి మధ్యలో లంకెలు ఒకదాని అంచును ఒకటి కరుచుకుని ఉన్నాయి. ఇటువంటి గొలుసులో ప్రతి లంకె తన పక్క లంకెకు అడ్డంగా తిరిగి ఉంటుంది కనుక, రెండు వైపులా లాగితే ఆ అంచులు మరింత లోతుగా దిగబడతాయి. పక్కన కూర్చుని చూస్తున్న అమ్మ, "లాగకమ్మా, లోపలికి తొయ్యి" అంది. చిక్కుముడి విషయంలో ఇంతకన్నా పనికివచ్చే మాట నేను వినలేదు. ముడికి రెండు వైపులా ఉన్న గొలుసును ముడి వైపే నెట్టి, రెండు వేళ్ళ మధ్య మెల్లగా దొర్లించాను. బేబీ ఆయిల్ ఒక్క చుక్క వేశాను. కాసేపటికి లంకెల మధ్య వెంట్రుకంత సందు కనిపించింది. ఒక గుండుసూదిని ఆ సందులో నిలబెట్టి, రెండవ సూదితో పై చుట్టను ఎత్తాను. సూది మొన లోహాన్ని గీరకుండా ఖాళీలోకే దిగేలా చూసుకోవాలి, ఎందుకంటే 22 క్యారెట్ల బంగారంలో 91.6 శాతం మెత్తని బంగారమే, ఉక్కు మొన తగిలితే గీత పడుతుంది. పై చుట్ట ఒక్కటి పక్కకు రాగానే లాకెట్ దానంతటదే అటు తిరిగింది, దాని వెనకే మిగతా చుట్టలు జారి విడిపోయాయి. ఆ క్షణంలో కలిగిన సంతోషం ఎంతో పెద్ద పని పూర్తయినప్పుడు కలిగేదానికి ఏమీ తీసిపోదు.

నూనె అన్నింటికీ పనికిరాదని ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. ముత్యాల దండ అయితే నూనె గాని, సబ్బు నీటిలో నానబెట్టడం గాని చేయకూడదు. ముత్యపు పైపొర ముఖ్యంగా కాల్షియం కార్బొనేటుతో ఏర్పడిన సున్నితమైన పదార్థం, దండ గుచ్చిన పట్టుదారం తడిస్తే బలహీనమవుతుంది.

వెండి గొలుసును గోరువెచ్చని సబ్బు నీటిలో కడిగి ఆరబెట్టాను. గాలిలోని గంధకపు వాయువులతో కలిసి వెండి మీద ఏర్పడే సిల్వర్ సల్ఫైడే ఆ నలుపు. అది సబ్బు నీటితో పోదు కాని, దానితో పాటు చేరిన మురికి పోయాక గొలుసు వేళ్ళ మధ్య తేలికగా జారింది. పొడిగా ఉన్నప్పుడు కొంచెం టాల్కం పౌడరు చల్లితే పెద్ద చిక్కులు రెండూ విడిపోయాయి.

ఇప్పుడు బంగారు గొలుసు, స్నేక్ చైను కొక్కాలు పెట్టుకుని నగల పెట్టెలోని వేరువేరు చిన్న అరల్లో ఉన్నాయి. ఇరుకైన చోట తాడు తిరగడానికి వీలు తగ్గి ముడులు తక్కువ పడతాయని ఆ పరిశోధకులే గమనించారు కనుక, పెద్ద అరను పూర్తిగా మానేశాను. వెండి గొలుసులో మాత్రం కొక్కేనికి దగ్గరగా, సూది మొన కూడా దూరనంత బిగుతుగా ఒక ముడి మిగిలి ఉంది. దాని మీద నూనె చుక్క వేసి రాత్రికి అలాగే ఉంచాను. రేపు కూడా వదులు కాకపోతే కంసాలికి ఇవ్వాలి. ఆయన ఒక లంకెను కోసి, ముడి విప్పి, మళ్ళీ టంకం వేస్తారు.