గోడ సున్నం నాకిన పిల్లాడు

మా చిన్నోడు గోడ నాకేవాడు. దర్వాజ పక్కన, సరిగ్గా వాడి మూతికి అందే ఎత్తులో సున్నం పెచ్చులూడిన చోటు ఒకటి ఉండేది. ఎప్పుడు చూసినా అక్కడే నిలబడి నాలుకతో గీకుతుండేవాడు. కేకేస్తే ఇటు తిరిగి నవ్వేవాడు, మూతి చుట్టూ తెల్లటి పొడి. వాళ్లక్క బలపాలు కూడా మిగలనిచ్చేవాడు కాదు. పిల్లలన్నాక మట్టి తినరా అనుకున్నాం. దానికో కారణం ఉందని తెలిసేనాటికి వాడు ఆస్పత్రి మంచం మీద, ముక్కుకు ఆక్సిజన్ పెట్టుకుని ఉన్నాడు.

అప్పుడు వాడికి ఏడాది పది నెలలు. మాది జనగామ దగ్గర పల్లె. నేను ప్రైవేటు బడిలో టీచర్ని. పొద్దున ఎనిమిదింటికి పోతే మళ్లీ సాయంత్రం ఐదింటికే ఇల్లు చేరేది. వాణ్ని అత్తమ్మ చూసుకునేది. మనవడి కోసమని మామయ్య పాడిబర్రెను కొన్నారు. లేవగానే సీసా, పదింటికి సీసా, మధ్యాహ్నం పడుకునే ముందు సీసా, రాత్రి ఉలిక్కిపడి లేస్తే మళ్లీ సీసా. మొత్తం లీటరు దాటేది. అన్నం రెండు ముద్దలు తినేసరికి మొహం తిప్పేసేవాడు. "అన్నం తినకపోతే ఏమాయె బిడ్డా, పొట్టనిండ పాలు తాగుతుండు గదా" అనేది అత్తమ్మ. నాకూ అదే ధైర్యం. బుగ్గలు నిండుగా ఉండేవి. ఎత్తుకున్న వాళ్లంతా ఎంత తెల్లగున్నాడో అనేవాళ్లు, మేం మురిసిపోయేవాళ్లం.

దసరా నుంచి జలుబూ దగ్గూ వాణ్ని వదల్లేదు. ఇట్లా తగ్గేది, అట్లా తిరగబెట్టేది. సంక్రాంతిలోపు నాలుగుసార్లు యాంటీబయాటిక్ మందు పోశాం. ఇమ్యూనిటీ పెరుగుతుందని ఎవరో చెబితే చాక్లెట్ రుచి పొడి డబ్బా తెచ్చి పాలల్లో కలిపి పట్టాను. చివరికి నేను చేసింది ఇంకో సీసా పాలు, దాంతోపాటు చక్కెర పట్టడమే.

పండగైన వారానికి జ్వరం వచ్చింది. రెండో రోజు రాత్రి డొక్కలెగరేయడం మొదలైంది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. ఫోన్‌లో టైమ్ చూస్తూ లెక్కపెడితే నిమిషానికి 58 సార్లు. ఈ వయసు పిల్లలకు 40 దాటితేనే ఆగకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలని నాకు తర్వాత తెలిసింది. ఆటో మాట్లాడుకుని, ఆ అర్ధరాత్రే హన్మకొండ చేరాం.

న్యుమోనియా అన్నారు. డాక్టరమ్మ ఛాతీ కన్నా ముందు వాడి అరచేతులు విప్పి చూసింది. కింది రెప్ప లాగి చూసింది. "పాలు ఎన్ని తాగుతాడమ్మా?" అనడిగింది. గొప్పగానే చెప్పాను. "మట్టి, సుద్ద ఏమన్నా తింటాడా?" అంది. అప్పుడు నాకు గుండెల్లో రాయి పడింది.

రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ 7.2. కనీసం 11 దరిదాపుల్లో ఉండాలట. రక్తహీనత అంది. రక్తం ఎక్కించాల్సినంత కాదుగానీ, ఎర్రకణాలు చిన్నగా, పాలిపోయి ఉన్నాయని రిపోర్టు చూపించింది. పాలల్లో కాల్షియం ఉంది, మాంసకృత్తులున్నాయి, రక్తానికి కావాల్సిన ఇనుము మాత్రం దాదాపు లేదు. లీటరంతా తాగినా వచ్చేది చాలా తక్కువ. ఆ వయసుకు రోజుకు ఏడెనిమిది మిల్లీగ్రాములు కావాలి. పైగా పొట్టంతా పాలతోనే నిండిపోతే ఇనుమున్న తిండికి చోటుండదు, తిన్న కాస్తనూ పాలలోని కాల్షియం సరిగా ఒంటికి పట్టనివ్వదు. రోగాన్ని ఎదిరించే కణాలు పెరగడానికి, పని చేయడానికి కూడా ఇనుము కావాలంది. వాడు గోడ నాకిందీ ఆ ఇనుము తక్కువయ్యే, మేం మురిసిన తెలుపూ రక్తం లేక పాలిపోవడమే. "వీడు బొద్దుగా ఉన్నాడు, బలంగా లేడు" అన్న ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

ఐదు రోజులున్నాం. అత్తమ్మ ఆ ఐదు రోజులూ సరిగా అన్నం ముట్టలేదు. "నా చేతుల్తోనే చేసుకున్న" అంటూ వరండాలో కూర్చుని ఏడ్చింది. ఆమెను ఏమనగలను? ఆ పాలు ఆమె ప్రాణం పెట్టి పట్టింది. తప్పు ఆమె ఒక్కదానిదే అయితే ఇంటింటా ఇదే కథ ఎందుకుంటుంది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలలు దాటి ఐదేళ్లు నిండని పిల్లల్లో రక్తహీనత ఉన్నవాళ్లు తెలంగాణలో నూటికి 70 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 63 మంది. వాళ్లలో ఎంతమందిని తెల్లగున్నారని ముద్దు చేస్తున్నామో!

న్యుమోనియా తగ్గాకే ఐరన్ సిరప్ మొదలుపెట్టారు. బరువును బట్టి లెక్కగట్టి ఇచ్చారు. పరగడుపున కాస్త నిమ్మరసం నీళ్లతో పోయాలి, దాని వెంట పాలు పట్టకూడదు. నాలుగో రోజు విరేచనం నల్లగా వస్తే భయపడి ఫోన్ చేశాను. మందుతో అట్లాగే అవుతుందన్నారు. పళ్లకు నలుపు పట్టకుండా నాలుక వెనక్కి పోసి నీళ్లు తాగించమన్నారు. ఒకటి గట్టిగా చెప్పారు, నేనూ చెబుతాను: ఆ సీసా పిల్లల చేతికందే చోట పెట్టొద్దు. తియ్యగా ఉందని ఎక్కువ తాగేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

పాలు మాన్పించమనలేదు, రోజుకు అర లీటరు దాటొద్దన్నారు. అదీ గ్లాసుతో, తిన్న తర్వాత ఎప్పుడో. సీసా దాచిన మొదటి మూడు రాత్రులు ఇల్లంతా నిద్రలేదు. వాడి ఏడుపుకి మామయ్య రెండుసార్లు లేచొచ్చి "ఒక్కపాలి ఇయ్యరాదే" అన్నారు. ఈసారి వద్దన్నది అత్తమ్మే. నాలుగో రోజు పొద్దున వాడికి ఆకలి తెలిసింది. ఇడ్లీ ముక్క వాడే తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

అంగన్‌వాడీ నుంచి పిల్లల కోసం నెలనెలా వచ్చే రెండున్నర కిలోల బాలామృతం పిండి అప్పటిదాకా మేం బర్రె కుడితిలో కలిపేవాళ్లం. నెలకు 16 గుడ్లు వాడి పేరు మీద వస్తే పెద్దవాళ్లం కూర వండుకున్నాం. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే మా వాడలో మేం ఒక్కళ్లమే కాదు. ఆ ప్యాకెట్లో గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెతోపాటు ఇనుము లాంటి సూక్ష్మపోషకాలు కలిపి ఉంటాయి. లడ్డూలు చేసి పెడితే ఇప్పుడు అడిగి తింటాడు.

ఆదివారం మటన్ తెచ్చినప్పుడు కొంచెం కార్జం మెత్తగా ఉడికించి అన్నంలో పిసికి పెట్టాను. మాంసం, చేప, కార్జంలోని ఇనుము ఒంటికి త్వరగా పడుతుంది. ఆకుకూరల్లోని ఇనుముకు పులుపు తోడుండాలి. అందుకే తోటకూర పప్పు, మునగాకు పప్పు దించాక నిమ్మకాయ పిండేదాన్ని. పల్లీలు, నువ్వులు గింజలుగా ఇస్తే గొంతుకు అడ్డం పడతాయని పొడి కొట్టి అన్నంలో కలిపాను. అత్తమ్మ చాయ్‌లో ముంచి పెట్టే బిస్కెట్ ఆగిపోయింది, చాయ్ కూడా ఇనుమును పట్టనివ్వదు. చూడటానికి వచ్చిన చుట్టాలు దానిమ్మపళ్లు, బీట్‌రూట్ తెచ్చారు. తినొచ్చు, కానీ ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం పట్టదు. వాటిలో ఇనుము తక్కువే. నులిపురుగుల మాత్ర, ఆరు నెలలకోసారి వేసే విటమిన్ ఏ డోసు కూడా టీకాల కార్డు చూసి వేయించాం.

హిమోగ్లోబిన్ నెలకు 8.9. రెండు నెలలకు 10.4. మూడో నెల 11.3. ఒంట్లో నిల్వ పడాలని ఆ తర్వాత కూడా రెండు నెలలు సిరప్ ఆపలేదు. ఈ అంకెలకన్నా ముందే మాకు తెలిసిన మార్పు ఇంకోటుంది: రెండో వారానికే వాడు గోడ దగ్గరికి పోవడం మానేశాడు. వద్దని ఎవరం చెప్పలేదు.

జబ్బులే రావని కాదు. ఈ వయసులో ఏడాదికి ఆరేడుసార్లు జలుబు మామూలేనని డాక్టరమ్మ ముందే చెప్పింది. మొన్న వానాకాలంలో రెండుసార్లు వచ్చింది. రెండోసారి జ్వరం కూడా వచ్చింది, నేను పాత అలవాటుతో ఊపిరి లెక్కపెడుతూ పక్కనే కూర్చున్నాను. 32, 30, 31. మూడో రోజు రాత్రి అత్తమ్మ పెసరకట్టులో అన్నం మెత్తగా పిసికి తెచ్చింది. గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకోకుండానే "ఇంకొంచెం, నానమ్మా" అన్నాడు.