వేమనకు కడపలో ఒక ఇల్లు

రాయచోటిలో పెండ్లి అయిపోయింది. మరునాడు పొద్దున్నే మా పెద్దనాయన సంచి సర్దుకుని కుర్చీలో కూర్చున్నాడు. కదిరి బస్సెక్కి ఊరికి పోదామని ఆయన, కడప చూసి పోదామని నేను.

"కడపలో ఏముందిరా?"

వేమన పద్యాలు వెతికి అచ్చేయించిన బ్రౌన్ దొర ఇల్లు ఉన్న జాగా ఉంది, చూద్దాం అన్నాను. ఆయన నవ్వాడు. "మన కటారుపల్లి వదిలిపెట్టి వేమన కోసం కడపకు పోవాల్నా?"

ఆయన అన్నదీ నిజమే. మాది గాండ్లపెంట దగ్గర పల్లె. కటారుపల్లిలో వేమన సమాధి దగ్గరికి చిన్నప్పుడు ఎన్నిసార్లు పోయామో లెక్కలేదు. కానీ సమాధి వేరు, ఇల్లు వేరు. వేమన పుట్టింది ఈ ఊరని ఒకరు, ఆ ఊరని ఒకరు వాదించుకుంటారు గానీ, "ఇదిగో ఆయన బతికిన ఇల్లు" అని చూపించడానికి ఒక్క గోడ కూడా ఎక్కడా లేదు. ఒంటి మీద బట్టే బరువనుకున్న మనిషికి ఇల్లెందుకులే. ఆయన పద్యాలకు మాత్రం కొన్నాళ్లు ఒక ఇల్లు దొరికింది. అది కడపలో.

రాయచోటి నుంచి కడపకు పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ వస్తుంది. మలుపు మలుపుకూ పెద్దనాయన ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. కిందికి దిగినాక "కోవా వచ్చేటప్పుడు తీసుకుందాం" అన్నాడు. అంటే భయం పోయిందన్నమాట.

కడపలో దిగి ముందు కారం దోశ తిన్నాం. ఎర్రకారం పూసి, పైన పప్పులపొడి చల్లి ఇచ్చిన దోశ. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాస్తే అసలు సంగతి పక్కకు పోతుంది. ఆటో అతన్ని బ్రౌన్ లైబ్రరీ అని అడిగితే, "ఎర్రముక్కపల్లిలో కదన్నా? పరీక్షలకు చదివే పిల్లోళ్లు కూర్చుంటారే, అదే కదా?" అన్నాడు. అదేనో కాదో నాకూ తెలియదు, ఎక్కేశాం.

అదే.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. 1817లో మద్రాసుకు వచ్చి, కంపెనీ కొలువులో చేరేవాళ్లు చదివే కాలేజీలో తెలుగు మొదలుపెట్టాడు. 1820లో కడప కలెక్టరు హాన్‌బరీ దగ్గర సహాయకుడిగా వచ్చాడు. హాన్‌బరీకి తెలుగు ధారాళంగా వచ్చు. రోజంతా కచేరీలో రైతుల మాట వింటూ బ్రౌన్‌కూ నాలుక తిరిగింది. ఇంత పెద్ద తెలుగు నిఘంటువు చేసిన మనిషి తెలుగు మాట్లాడటం నేర్చుకుంది మన సీమ యాసలోనని గుర్తొచ్చినప్పుడల్లా నాకు లోలోపల సంతోషం. మన మాటను వెక్కిరించేవాళ్లకు ఎప్పుడైనా చెప్పాలి.

వేమన మీద బ్రౌన్ దృష్టి పడింది 1824లో, బందరులో ఉండగా. తర్వాత మళ్లీ కడపకు వచ్చినప్పుడు ఇక్కడ తోటతో సహా ఒక బంగళా కొన్నాడు. అందులో పండితులను పెట్టాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య లాంటి వాళ్లు ఆయన దగ్గర పనిచేశారు. దొర ఊళ్లో లేనప్పుడు వ్యవహారమంతా అయోధ్యాపురం కృష్ణారెడ్డి చూసేవాడు. జీతాలు, కాగితం, రాతఖర్చు అంతా బ్రౌన్ సొంత డబ్బే. అది చాలక అప్పులు కూడా.

ఆ బంగళా ఇప్పుడు లేదు. పాడుబడి మొండిగోడలు మిగిలితే, కడప రచయిత జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు అక్కడ గ్రంథాలయం లేవాలని పట్టుబట్టారు. ఆ జాగా సంపాదించి, ఊరూరా తిరిగి చందాలు అడిగి, 1987లో శంకుస్థాపన చేయించారు. 2006లో దాన్ని యోగి వేమన విశ్వవిద్యాలయానికి అప్పగించారు. ఎవరు ఆలోచించి చేశారో గానీ, దొర ఇంటి జాగా తిరిగి వేమన పేరు కిందికే వచ్చింది.

లోపల పిల్లలు తలలు వంచుకుని చదువుకుంటున్నారు. ఆటో అతను చెప్పినట్టే. ఒకమ్మాయి బ్యాంకు పరీక్షల పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని నిద్రపోతోంది. అక్కడ పనిచేసే ఒకాయన మమ్మల్ని చూసి, పెద్దనాయన పంచె చూసి కాబోలు, "ఏం కావాల పెద్దాయనా?" అని మర్యాదగా అడిగాడు. తాటాకులు చూస్తాం అన్నాను.

ఒక తాళపత్ర గ్రంథం దగ్గర చాలాసేపు నిలబడ్డాం. జానెడున్నర పొడుగు, రెండు వేళ్ల వెడల్పు. తాడు దూర్చడానికి రంధ్రాలు, వాటి చుట్టూ అక్షరాలు పడకుండా వదిలిన ఖాళీ. గంటంతో గీసినప్పుడు అక్షరం కనపడదు. తర్వాత మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలుస్తుంది. ఇక్కడ సగం గీతల్లో ఆ మసి కూడా పోయింది. ఆకు అడ్డంగా పురుగు తొలిచిన దారి ఒకటి, మూడు వరసల మీదుగా వంకరగా పోయి అంచు దగ్గర ఆగింది. ఆ దారిలో ఎన్ని మాటలు పోయాయో. బ్రౌన్ పండితుల పని సరిగ్గా అక్కడే. ఒకే పుస్తకానికి నాలుగైదు ఊళ్ల నుంచి ప్రతులు తెప్పించి, ఒకదానిలో పురుగు తిన్నది ఇంకొకదానిలో వెతికి, తేడాలు పక్కన రాసి, శుద్ధప్రతి ఎత్తేవాళ్లు. అలా పోగుచేసిన వేమన పద్యాలు 1829లో 693 అచ్చయ్యాయి. 1839లో మళ్లీ వేసేసరికి అవి 1164.

తెలుగు సాహిత్యం చచ్చిపడి ఉంటే ముప్పై ఏళ్లలో తాను బతికించానని బ్రౌన్ రాసుకున్నాడు. ఆయన మీద ఎంత గౌరవం ఉన్నా ఈ మాట దగ్గర నాకు ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. అప్పయ్య, బ్రహ్మయ్యలు పడిన కష్టం సంగతి అలా ఉంచండి. చచ్చిందే అయితే పద్యాలు ఎవరి నోట్లోంచి ఆ ఆకుల మీదికి వచ్చాయి?

దీనికి సాక్ష్యం నా పక్కనే ఉన్నాడు. మూడో తరగతితో బడి మానేసిన మనిషి. నేను బీరువాలోంచి వేమన పద్యాల పుస్తకం ఒకటి, ఈ మధ్య కాలం నాటి అచ్చు, తీయించి చూస్తుంటే, "అనువుగాని చోట ఉందా చూడు" అన్నాడు. తీసి చదివాను. రెండో పాదం "కొంచెముండుటెల్ల కొదువ గాదు" అని రాగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"తప్పు. కొంచెమైన నదియు కొదువ గాదు."

"పుస్తకంలో ఇట్లే ఉంది పెద్దనాయనా."

"పుస్తకం తప్పు. మా నాయన నాకు చెప్పింది నేను చెప్తాండా."

గొంతు పెంచేసరికి నిద్రపోతున్న అమ్మాయి లేచింది. నాకు సిగ్గేసింది. అక్కడ పనిచేసే ఆయన మాత్రం నవ్వి, ఆ పాఠం కూడా ఉంది పెద్దాయనా, రెండూ ఉన్నాయి, తేడాలు రాయడానికే కదా ఇక్కడ పండితులు కూర్చుంది అన్నాడు. పెద్దనాయన ఆ మాటకు మెత్తబడలేదు. రెండు ఎట్లుంటాయి, వేమన రెండుసార్లు చెప్పినాడా అని అడిగాడు. ఆ ప్రశ్నకు మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు.

బయటికొచ్చి చెట్టు నీడన కాసేపు కూర్చున్నాం. పాత బంగళా గడప ఎక్కడుండేదో ఊహించుకోవాలని చూశాను, కుదరలేదు. లోపల ఫ్యాన్ల చప్పుడు, బయట స్కూటర్ల హారన్లు. పెద్దనాయన చెప్పులు విడిచి బండ మీద కాళ్లు చాపుకుని, "దొర మన పద్యాలకు అప్పు చేసినాడంటే మంచోడేలే" అన్నాడు. పుస్తకం తప్పన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

తిరుగు బస్సు గువ్వలచెరువులో ఆగింది. రెండు అరకిలోల పాలకోవా తీసుకున్నాం. బస్సు కదిలాక పెద్దనాయన, "ఆ పద్యం నేను చెప్పినట్టు నీ ఫోన్లో రాసి పెట్టు, మా నాయన పాఠం పోకుండా" అన్నాడు. సరేనని ఫోను తీశాను. మొదటి పాదం చెప్పాడు. రెండో పాదం "కొంచెముం..." అని ఆగాడు. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మళ్లీ అక్కడికే వచ్చి ఆగాడు. మూడోసారి కూడా పుస్తకంలో మాటే నోటికొచ్చింది.

"నువ్వు ఆ పుస్తకం చదవకుండా ఉంటే బాగుండురా" అని కోవా పొట్లం విప్పాడు.