నాయన సాండర్ మళ్ళీ తిరిగింది

మా నాయన కావలిలో వడ్రంగం చేసేవాడు. 2001లో మద్రాసు పోయి చెక్కను నున్నగా రుద్దే బెల్ట్ సాండర్ మిషను కొనుక్కొచ్చాడు. అంతకుముందు టేకు తలుపు నున్నగా రావాలంటే ఉప్పుకాగితంతో రోజంతా రుద్దాల్సిందే. ఆయన పోయాక పనీ, మిషనూ రెండూ నాకొచ్చాయి. పోయిన ఎండాకాలం ఒకరింటి వాకిలి తలుపు రుద్దుతుంటే లోపల టకటకమని మోత, కాలిన వాసన, గాలి సందుల్లోంచి నిప్పురవ్వలు. చెక్కను రుద్దే గరుకు పట్టీ, అదే ఎమరీ బెల్టు, ఆగిపోయింది. మోటారు మాత్రం తిరుగుతానే ఉంది.

నెల్లూరులో సర్వీసు సెంటరుకి తీసుకుపోయాను. కౌంటర్లో అబ్బాయి మోడల్ నంబరు చూసి "ఇది ఆపేసి చాన్నాళ్ళయిందన్నా, పార్టులు రావు. కొత్తది తీసుకో" అన్నాడు. విప్పి కూడా చూడలేదు. మనసుకు చాలా కష్టమనిపించింది. మిషను చంకన పెట్టుకుని ఇంటికొచ్చేశాను.

ఆ రాత్రి నేనే విప్పాను. ప్రతి మరా తీసినప్పుడల్లా ఫోన్లో ఫోటో తీసుకున్నా. లోపలంతా గట్టిపడిన టేకు పొడి. బ్రష్షుతో దులిపి, బేరింగులు కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే అంచు మీద అంకెలు బయటపడ్డాయి: ఒకదాని మీద 6000, ఇంకోదాని మీద 608. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ నంబర్లు మిషను కంపెనీవి కావు, లోకమంతా ఒకటే. 608 అంటే ఏ దేశంలో చేసినా లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి కొలత 22, మందం 7. కంపెనీ పార్టు నంబరు చచ్చిపోయినా ఈ నంబరు చావదు.

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో బేరింగుల షాపాయన రెండూ నిమిషంలో తీసిచ్చాడు. "రేకు మూతదా, రబ్బరు సీలుదా?" అని అడిగాడు. చెక్కపొడిలో పనిచేసే మిషను కాబట్టి రబ్బరు సీలువే తీసుకున్నా. రెండూ కలిపి 300 రూపాయల లోపే. పాతవి సుత్తితో కొట్టి తీస్తే షాఫ్టు వంగుతుంది. అందుకే మోటార్లు చుట్టే వైండింగ్ షాపులో పుల్లరు, అంటే బేరింగు లాగే పనిముట్టు, అడుక్కుని లాగించాను. కొత్తది ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే ఒత్తాలి. బయటి రింగు మీద కొడితే గుండ్లు దెబ్బతింటాయి.

నిప్పురవ్వలకి కారణం కార్బన్లు, అంటే తిరిగే మోటారుకి కరెంటు అందించే చిన్న ముక్కలు. అరిగి అరిగి పొడవు 4 మిల్లీమీటర్లకు వచ్చేశాయి. గూటికి సరిగ్గా సరిపోయే సైజు కొత్తవి దొరకలేదు. అర మిల్లీమీటరు ఎక్కువున్నవి తెచ్చి, గాజుపలక మీద ఉప్పుకాగితం పరిచి నాలుగు పక్కలా మెల్లగా అరగదీశాను. గూట్లో వేస్తే దాని బరువుకే జారిపోవాలి, అటూ ఇటూ ఊగకూడదు. కార్బన్లు ఆనుకునే రాగి పలకల గుండ్రటి భాగం, కమ్యుటేటర్ని కూడా సన్నటి ఉప్పుకాగితంతోనే శుభ్రం చేశా. అక్కడ ఎమరీ వాడకూడదు, దాని రజను రాగి పలకల సందుల్లో చిక్కుకుంటే షార్టవుతుంది.

అసలు ఏడిపించింది మోటారు నుంచి రోలరుకి తిప్పే పళ్ళ బెల్టు. రెండుగా తెగిపోయింది, మీద అక్షరాలన్నీ చెరిగిపోయాయి. తెగిన ముక్కను బల్ల మీద చాపి, మేకుతో బిగించి కొలిచాను. 10 పళ్ళ దూరం సరిగ్గా 30 మిల్లీమీటర్లు. అంటే పంటికి పంటికి 3. వెడల్పు 9. పళ్ళు లెక్కపెడితే మొదటిసారి 70 వచ్చింది. అనుమానమొచ్చి ప్రతి పదో పంటికీ సుద్ద పెట్టుకుంటూ మళ్ళీ లెక్కపెట్టా: 71. 71ని 3తో హెచ్చిస్తే 213, అదే బెల్టు పొడవు మిల్లీమీటర్లలో. ఒక్క పన్ను తేడా వచ్చినా బెల్టు ఎక్కదు, లేకపోతే వదులై జారుతుంది. నెల్లూరులో అడిగిన రెండు షాపుల్లోనూ లేదన్నారు. పినాకిని ఎక్కి చెన్నై పోయాను. అక్కడ ప్యారిస్ కార్నర్ దగ్గర లింగిచెట్టి వీధిలో ఒక పెద్దాయన, మాటలో మన నెల్లూరు యాసే, నా చీటీ చూసి "213-3ఎం, 9 వెడల్పు. కొలిచి తెచ్చావు, మంచి పనిచేశావు నాయనా. మోడల్ పేరు చెప్పుంటే లేదనేవాణ్ణి" అన్నాడు. రెండు తీసుకున్నా, ఒకటి దాపుకి.

బిగించాక ఎమరీ బెల్టు లేకుండా పావుగంట ఉత్తగా తిప్పాను. కొత్త కార్బన్లు కమ్యుటేటర్ వంపుకి కుదురుకోవాలి కదా. మొదట్లో చిన్న చిన్న రవ్వలు, తర్వాత అవీ తగ్గాయి. ఆ మోత వింటుంటే నాయన పక్కనే ఉన్నట్టనిపించింది.

మూత లోపలివైపు మార్కరుతో అన్నీ రాసిపెట్టాను: 6000, 608, 213-3ఎం, కార్బన్ కొలతలు. స్విచ్చు నొక్కి పెట్టే లాకు బటన్ ఒక్కటి మాత్రం ఇంకా దొరకలేదు. ప్రస్తుతానికి వేలితో పట్టుకునే నడుపుతున్నా. ఆ వాకిలి తలుపు మాత్రం పూర్తయింది.