బల్ల ఆదివారానికి ముందు రోజు

శనివారం, రాత్రి పదిన్నర.

రేపు నెలలో మొదటి ఆదివారం, చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభువు బల్ల. పొద్దున తెల్లచీరకు గంజి పెట్టి ఆరేసి, ఇంట్లో టిఫిన్లు అయ్యాక వాక్యం చదువుకుందామని కూర్చున్నాను. వరుసలో మత్తయి సువార్త ఐదో అధ్యాయం వచ్చింది. అర్పణను బలిపీఠం ఎదుటే విడిచిపెట్టి, "మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము" అన్న దగ్గర ఆగిపోయాను. మనకు ఎవరి మీదైనా కోపం ఉంటే అని కాదు అక్కడ ఉన్నది. అవతలివాళ్ళకు మన మీద ఏమైనా ఉందని గుర్తొస్తే, అని. తప్పు ఎవరిదన్న ప్రశ్నే ప్రభువు ఎత్తలేదు. వెంటనే వదిన గుర్తొచ్చింది.

అమ్మ పోయే ముందు తన మెళ్ళో గొలుసు తీసి నా చేతిలో పెట్టింది. నేను అడగలేదు. అడిగి తీసుకున్నానని వదిన అనుకుంది. జ్ఞాపకార్థ కూడిక అయిన రోజు నుంచి మాతో మాటల్లేవు. అన్నయ్య మాత్రం ఫోన్ చేస్తాడు, అదీ బయట ఉన్నప్పుడే.

వెళ్ళాలని తెలుస్తూనే ఉంది. కానీ "నా తప్పేముంది, నేనెందుకు వెళ్ళాలి" అన్న మాట లోపల గట్టిగా నిలబడింది. అప్పుడు బైబిల్లోని నయమాను గుర్తొచ్చాడు. కుష్ఠు పోవాలంటే యొర్దాను నదిలో ఏడుసార్లు మునగమని ప్రవక్త చెప్పిస్తే ఆ సేనాధిపతికి కోపం వచ్చింది. ఏదైనా గొప్ప పని చెప్తే చేసేవాడివి కాదా అని పనివాళ్ళే అతనికి బుద్ధి చెప్పారు. ఉపవాసం ఉండమంటే నేను ఉంటాను. రాత్రంతా ప్రార్థనలో కూర్చోమంటే కూర్చుంటాను. సంతపేట దాకా ఆటోలో వెళ్ళి వదిన తలుపు కొట్టమంటే మాత్రం కాళ్ళు రావట్లేదు.

మధ్యాహ్నం రేపటి సండే స్కూల్ పాఠం రాసుకున్నాను. ఈసారి మన ఒంగోలు ప్రార్థన కొండ గురించి పిల్లలకు చెప్పాలి. 1854 జనవరి 1, తెల్లవారుజామున ఐదుగురు ఆ కొండ ఎక్కారు: నెల్లూరులో పనిచేసే అమెరికన్ మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, నర్సు అనే క్రైస్తవుడు, జూలియా, రూతు. అమెరికాలో ఉన్న మిషన్ పెద్దలు నెల్లూరు పని మూసేద్దామా అని అంతకు ముందు ఏడాదే చర్చించుకున్నారు. అన్నేళ్ళ పనికి కనబడే ఫలితం ఏమీ లేదు. అయినా ఆ ఐదుగురూ మోకరించి ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. వాళ్ళడిగిన సేవకుడు, మిషనరీ క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866లో. పన్నెండేళ్ళ తర్వాత! కొండ దిగిన ఆ పొద్దున వాళ్ళ చేతిలో ఏముంది? ఏమీ లేదు. వెళ్ళి మళ్ళీ తమ పని తాము చేసుకున్నారు.

జూలియా, రూతు మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. దొరల గురించి పుస్తకాలే ఉన్నాయి, వీళ్ళకు మాత్రం పేర్లు తప్ప పెద్దగా ఏమీ మిగల్లేదు. అయినా ఆ ప్రార్థన వాళ్ళది కూడా.

పిల్లలకు 1878 గురించి కూడా చెప్పాలి. జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఆ సంఖ్య చెప్పగానే పిల్లల కళ్ళు పెద్దవవుతాయి. కానీ అంతకు ముందు జరిగింది నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది. 1876 నుంచి కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న జనానికి కూలి ఇప్పించాడు. మా నాయనమ్మ వాళ్ళ తాత అక్కడ మట్టి మోశాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ జనం బాప్తిస్మం ఇమ్మని అడిగితే, కరువు సాయం నడిచినన్నాళ్ళూ ఇవ్వలేదు. తిండి కోసం ఎవరూ రాకూడదని. అన్నేళ్ళు ఎదురుచూసిన కోత కళ్ళెదుట ఉంటే ఆగడం ఎంత కష్టమో! సరైనది చేసి, లెక్క దేవుడికి వదిలేశాడు.

పాఠం పూర్తయ్యాక నోట్సు మూసి చెప్పులు వేసుకున్నాను. ఈ పాఠం రాసి ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. ఏమైనా పట్టుకెళ్దామా అనుకున్నాను గానీ, గొలుసుకు బదులు తెచ్చాననుకుంటుందని వట్టి చేతులతోనే వెళ్ళాను. ఆటోలో ఒకటే టెన్షన్. "ప్రభువా, నువ్వు చెప్పావు కాబట్టి వెళ్తున్నా, మాట నువ్వే ఇవ్వు" అనుకుంటూ కూర్చున్నాను.

వదిన తలుపు తీసి, "ఏంటి, ఇటు గుర్తొచ్చామా?" అంది. కూర్చోమనడానికి కాస్త సేపు పట్టింది.

"వదినా, నీకు నా మీద ఏమన్నా ఉంటే చెప్పు. వింటాను. జవాబు చెప్పడానికి రాలేదు" అన్నాను.

ముందు ఏమీ లేదంది. తర్వాత మొదలుపెట్టింది. గొలుసు మాట ఒక్కసారే వచ్చింది. మిగతాదంతా అమ్మ మంచంలో ఉన్న రోజుల గురించే. రాత్రిపూట ఎత్తి కూర్చోబెట్టడం, పక్కబట్టలు మార్చడం, పుండ్లు పడకుండా పొడి అద్దడం, చివర్లో అమ్మ తనను గుర్తుపట్టకుండా కసరడం. "అన్నీ చేసింది నేను. పోయేటప్పుడు కళ్ళతో వెతికింది నిన్ను" అంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. జవాబు చెప్పకూడదన్న మాట నిలబెట్టుకోవడం కష్టమైంది గానీ, దేవుడు నోటికి కావలి పెట్టాడు.

సమాధానం కుదిరిందని రాయలేను. టీ ఇచ్చింది, తను తాగలేదు. ప్రార్థన చేద్దామా వదినా అంటే, "ఇప్పుడు కాదులే" అంది. బలవంతం చేయలేదు. కొడుకును బలి ఇవ్వమన్న దేవుని మాట విని అబ్రాహాము మోరీయాకు నడిచిన మూడు రోజుల్లో దేవుడు మళ్ళీ మాట్లాడినట్టు ఆదికాండంలో ఎక్కడా లేదు. ముందు చెప్పిన మాట పట్టుకునే నడిచాడు. నాకూ ఇవాళ అందింది ఒక్క మాటే, వెళ్ళమని. వదిన మనసు మెత్తబడటం నా పని అని ఆయన చెప్పలేదు.

ఇంటికొచ్చాక మావారు గొలుసు ఇచ్చేస్తావా అని అడిగారు. అమ్మ చేత్తో ఇచ్చింది. ఇచ్చేస్తే వదినకు అది ప్రేమలా ఉంటుందో, లెక్క తీర్చినట్టు ఉంటుందో తెలియడం లేదు. అడుగుతున్నాను ప్రభువును. చెప్పినప్పుడు అదీ చేస్తాను, ఏడుస్తూనైనా.

వచ్చేటప్పుడు ఒక సంగతి తెలిసింది. మంగళవారం వదినకు కంటి పరీక్ష ఉందట, అన్నయ్య ఆ రోజు ఊళ్ళో ఉండడట. నేను తోడొస్తానన్నాను. కాసేపు నా వంక చూసి, "తొమ్మిదింటికల్లా రా, లేటైతే టోకెన్ దొరకదు" అంది.