సన్నబడ్డావే అన్నారు

మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. "సన్నబడ్డావే, ఏం డైట్ చేస్తున్నావ్?" అని పెళ్లిళ్లలో అత్తయ్యలు వెంటపడేవాళ్లు. నేనేమో హాస్టల్ మెస్‌లో అందరికంటే ఎక్కువే లాగిస్తున్నాను. స్ప్రింటర్‌కి రెండు కిలోలు తగ్గితే మంచిదేగా అని మా కోచ్ సార్ కూడా సంతోషించారు.

పరిగెత్తాక గుండె దడదడలాడటం ఎవరికైనా మామూలే. నాది పడుకున్నా ఆగేది కాదు. సంక్రాంతి చలిలో ఫ్యాన్ ఫుల్ స్పీడులో పెడితే రూమ్మేట్ తిట్టేది. తల దువ్వితే జుట్టు కుచ్చులుగా వచ్చేది. అన్నిటికంటే భయపెట్టింది తొడలు. స్టార్టింగ్ బ్లాక్స్‌లోంచి ఎగిరి లేవాల్సిన దాన్ని, రెయిలింగ్ పట్టుకుంటే తప్ప మెట్లెక్కలేకపోయాను.

నలుగురం తలా వంద మీటర్లు పరిగెత్తే 4×100 రిలేలో నాది రెండో లెగ్, అంటే రెండో వంతు. వెనక్కి చూడకుండా పరిగెడుతూ, వెనక నుంచి "హ్యాండ్" అని కేక వినపడగానే అరచెయ్యి చాపి కదలకుండా ఉంచాలి. నా చెయ్యి వణికేది. ముప్పై మీటర్ల జోన్‌లో బ్యాటన్ (చేతికర్ర) చేతులు మారకపోతే నలుగురూ అవుటే. అది నా వేళ్లకి తగిలి కింద పడ్డ ప్రతిసారీ ఫస్ట్ లెగ్ అక్క "ఎందుకే అంత టెన్షన్?" అనేది. ఒక డాక్టరుగారూ అదే మాట అని విటమిన్ మాత్రలు రాశారు. అమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. కనీసం అమ్మ మందుకి డబ్బులు కాలేదు.

తర్వాత చూపించుకున్న ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు, ఫ్యాన్ ఆపించి, "చేతులు చాపమ్మా" అని వేళ్ల మీద ఒక తెల్లకాగితం పరిచారు. గాలి లేని గదిలో ఆ కాగితం అంచులు టపటపా కొట్టుకున్నాయి. గుటక వేయమని గొంతు తడిమి చూశారు. రిపోర్టుల్లో థైరాయిడ్‌కి పని పురమాయించే టీఎస్‌హెచ్ 0.01 కంటే తక్కువ, థైరాయిడ్ తయారుచేసే హార్మోన్లు టీ3, టీ4 ఆకాశంలో. గ్రేవ్స్ డిసీజ్. మన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున థైరాయిడ్‌ని రెచ్చగొట్టే యాంటీబాడీలు తయారుచేస్తుంది, అది ఆపకుండా హార్మోన్ పోస్తూనే ఉంటుంది.

పేరు వినగానే గెయిల్ డీవర్స్ గుర్తొచ్చింది. పొడవాటి గోళ్ల అమెరికన్ స్ప్రింటర్. 1988లో 100 మీటర్ల హర్డిల్స్‌లో 12.61తో అమెరికా రికార్డు కొట్టిన మనిషి, అదే ఏడాది సియోల్ ఒలింపిక్స్‌లో ఫైనల్‌కే చేరలేదు. కారణం గ్రేవ్స్ అని తేలింది 1990లో! రేడియేషన్ చికిత్సతో పాదాలు వాచి, పుండ్లు పడి, 1991లో తీసేయాల్సి వస్తుందేమో అనేదాకా వెళ్లింది. చికిత్స మార్చాక అదే ఏడాది టోక్యో ప్రపంచ పోటీల్లో హర్డిల్స్ రజతం, మరుసటి ఏడాది బార్సిలోనాలో 100 మీటర్ల స్వర్ణం. ఆమె 10.82, రెండో స్థానంలో జమైకా జూలియట్ కత్‌బర్ట్ 10.83. 1996 అట్లాంటాలో మళ్లీ 100 మీటర్ల స్వర్ణం, దాంతోపాటు 4×100 రిలే స్వర్ణం.

ఈ కథని అందరూ మనోబలం గురించే చెబుతారు. నాకు మాత్రం 1988కీ 1990కీ మధ్య ఖాళీయే కనిపిస్తుంది. ఆమెకి మనోబలం అప్పుడూ ఉండే ఉంటుంది. లేనిది జబ్బు పేరు.

నాకు థైరాయిడ్ జోరు తగ్గించే కార్బిమజోల్, దడకీ వణుకుకీ ప్రొప్రనలాల్ రాశారు. రెండోది షూటింగ్, ఆర్చరీ వాళ్లకి నిషేధం, ఎందుకో ఊహించొచ్చు. పరుగు వాళ్లకి అభ్యంతరం లేదు. జ్వరంగానీ గొంతునొప్పిగానీ వస్తే కార్బిమజోల్ ఆపేసి వెంటనే రక్తపరీక్ష చేయించుకోవాలి, తెల్లకణాలు పడిపోయే ప్రమాదం ఉందట. అప్పటినుంచి నేను తుమ్మినా అమ్మ టార్చ్ వేసి గొంతులోకి చూస్తోంది.

వణుకు త్వరగానే తగ్గింది. తొడల్లో సత్తువ రావడానికి నెలలు పట్టింది. టీ4 దారికొచ్చినా టీఎస్‌హెచ్ మాత్రం చాలాకాలం మొండికేసింది. మందు ఏడాదిన్నర వాడాలన్నారు, ఆపాక తిరగబెట్టే అవకాశమూ ఉందన్నారు. ట్రాక్ మీద ముందు నడక, తర్వాత జాగింగ్. ఇప్పుడు ఫస్ట్ లెగ్‌లో పెట్టారు. అక్కడైతే బ్యాటన్ అందుకునే పని లేదు, ఇచ్చేస్తే చాలు. నా రెండో లెగ్ నాకు ఇవ్వమని మొన్న గట్టిగానే అడిగాను. సార్ వాదించలేదు. "కొత్త టీఎస్‌హెచ్ రిపోర్ట్ పట్రా, చూద్దాం" అన్నారు.