డీసీ పంప్ టెస్ట్: చార్జర్ ఆపి చూసిన రోజు

మా గ్యాస్ టర్బైన్ దగ్గర ప్రతి సోమవారం పొద్దున ఒక తంతు నడిచేది. బేరింగ్‌లకు అత్యవసరంగా నూనె అందించే ఎమర్జెన్సీ ల్యూబ్ పంప్ టెస్ట్ బటన్ నొక్కాలి, మోటార్ లేస్తుంది, రన్నింగ్ లైట్ వెలుగుతుంది, లాగ్‌బుక్‌లో ‘ఓకే’ రాసి వచ్చేయాలి. రెండు నిమిషాల పని. మూడేళ్ల పేజీలు తిరగేసినా ‘ఓకే’ తప్ప ఇంకో మాట కనిపించదు. అందులో చాలావరకు నా చేతిరాతే.

మా మిషన్‌లో ఆయిల్ పంపులు మూడూ కరెంటుతో నడిచేవే. రెండు ప్లాంట్ ఏసీ కరెంటుతో, ఒకటి బ్యాటరీ ఇచ్చే డీసీతో. సోమవారం టెస్ట్ చేసేది ఈ డీసీ పంప్‌నే. ప్లాంట్ మొత్తం కరెంటు పోతే ఏసీ పంపులు రెండూ ఒకేసారి ఆగిపోతాయి. ఇంధనం అయితే ఆ క్షణమే ఆగుతుంది కానీ, నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్న రోటర్ ఆగదు. మా దానికి పూర్తిగా నిలబడటానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది. అంతసేపూ టన్నుల బరువును మోసేది వెంట్రుక కన్నా పలుచని నూనె పొర. అది పోతే షాఫ్ట్ నేరుగా బేరింగ్‌లోని బాబిట్ మీద రాసుకుంటుంది. బాబిట్ మెత్తటి లోహం, 240 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. అందుకే బ్యాటరీ మీద నడిచే ఆ మూడో పంప్. దాని లైన్ కూలర్‌నూ ఫిల్టర్‌నూ తప్పించి నేరుగా బేరింగ్ హెడర్‌కే, అంటే బేరింగ్‌లకు నూనె పంచే పైపుకే, వెళ్తుంది. ఫిల్టర్ మూసుకుపోయిందని ఆ సమయంలో నూనె ఆగకూడదు కదా.

షట్‌డౌన్ వచ్చింది. రోటర్ చల్లబడి, దాన్ని నెమ్మదిగా తిప్పే టర్నింగ్ గేర్ కూడా ఆపేశాక, ఈసారి బటన్ టెస్ట్ కాకుండా అసలు పరీక్ష పెడదామని అడిగాను. నడుస్తున్న ఏసీ పంప్‌ను ఆపాలి, రెండోదాన్ని లేవకుండా కట్టేయాలి, హెడర్ ప్రెషర్ పడిపోతుంటే ప్రెషర్ స్విచ్ దానంతట అదే డీసీ పంప్‌ను లేపుతుందో లేదో చూడాలి. ఎలక్ట్రికల్ సీనియర్ గారు కాసేపు ఆలోచించి, “అలాగైతే చార్జర్ కూడా ఆపు. నిజంగా కరెంటు పోయిన రోజు చార్జర్ మాత్రం ఎక్కడినుంచి నడుస్తుంది?” అన్నారు. బ్యాటరీని నింపే ఆ చార్జర్ మా టెస్టులప్పుడు ఆన్‌లోనే ఉండేది. సిగ్గుగా అనిపించింది. మూడేళ్లుగా మేం పరీక్షించింది బ్యాటరీని కాదు, చార్జర్‌ని.

చార్జర్ ఆపి, ఏసీ పంప్ ఆపాం. ప్రెషర్ దిగింది, స్విచ్ పనిచేసింది, మోటార్‌కు కరెంటు కలిపే పెద్ద స్విచ్, కాంటాక్టర్, పట్టుకుంది. మోటార్ కదిలిందో లేదో, డీసీ వోల్ట్‌మీటర్ ముల్లు 115 దగ్గర నుంచి 60 కిందకు జారింది. కాంటాక్టర్ వదిలేసింది. లోడ్ పోగానే వోల్టేజ్ లేచింది, మళ్లీ పట్టుకుంది, మళ్లీ వదిలింది. ప్యానెల్ లోపల టకటకటక. హెడర్ ప్రెషర్ సున్నాకు చేరింది. ఆ శబ్దం గుర్తొస్తే నాకు ఇప్పటికీ టెన్షనే.

బ్యాటరీ గదిలో 55 సెల్స్. ఒక్కోదాన్నీ కొలిస్తే అన్నీ బుద్ధిమంతుల్లా 2.1 వోల్టులు చూపిస్తున్నాయి. సెల్స్ మీద అనుమానంతో పూట గడిచిపోయింది. చివరికి బ్యాటరీ నుంచి కరెంటు లాగే చిన్న లోడ్ బ్యాంక్ కలిపి, సెల్‌కీ సెల్‌కీ మధ్య కలిపే పట్టీల (లింక్‌ల) మీద వోల్టేజ్ డ్రాప్ కొలవడం మొదలుపెట్టాం. అన్నింటి మీదా మిల్లీవోల్టులే. వెనక వరసలో, చేయి సరిగా దూరని చోట, ఒక లింక్ మీద మాత్రం ఏకంగా వోల్టులు. విప్పితే బోల్ట్ వదులు, పట్టీ కింద తెల్లగా పచ్చగా పేరుకున్న సల్ఫేట్. లోడ్ లేనప్పుడు ఆ జబ్బు వోల్ట్‌మీటర్‌లో కనిపించదు. సోమవారం టెస్టులో మోటార్ కరెంట్‌ను చార్జర్ మోసేసేది కాబట్టి అప్పుడూ బయటపడలేదు. లింక్‌లన్నీ విప్పి, శుభ్రం చేసి, పెట్రోలియం జెల్లీ రాసి, టార్క్ రెంచ్‌తో బిగించాం.

ఇదే ఊపులో స్టార్టర్ డ్రాయింగ్ తీస్తే ఇంకొకటి దొరికింది. మోటార్ ఎక్కువ కరెంటు లాగితే ఓవర్‌లోడ్ రిలే పంప్‌ను ట్రిప్ చేసేలా, అంటే ఆపేసేలా, వైరింగ్ ఉంది. మామూలు మోటార్‌కైతే అది సరైనదే. ఈ మోటార్ వేరు: ఇది కాలిపోయినా పర్వాలేదు, బేరింగ్‌లు మిగలాలి. మోటార్ కాలితే ఎవరు జవాబు చెప్పాలన్న దాని మీద చాలాసేపు వాదన నడిచింది. చివరికి రిలేను అలారానికి మాత్రమే పరిమితం చేశాం, షార్ట్ సర్క్యూట్ కోసం ఫ్యూజులు అలాగే ఉంచాం.

రెండోసారి అదే పరీక్ష. ప్రెషర్ ఒక్క క్షణం కుంగి నిలబడింది. వోల్టేజ్ వంద దాటే ఉంది. నలభై నిమిషాలు నడిపాం, ఒకరు కార్బన్ బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు వస్తున్నాయేమోనని చూస్తూ, ఒకరు బ్యాటరీ గదిలో వోల్టేజ్ రాస్తూ.

ఒక్క విషయం మాత్రం ముందే లెక్కేసుకోలేదు. అంతసేపు వాడిన బ్యాటరీ మళ్లీ నిండేదాకా మిషన్ స్టార్ట్ చేయకూడదు. నిండేకొద్దీ అది తీసుకునే చార్జింగ్ కరెంట్ తగ్గుతుంది. ఆ రాత్రంతా షిఫ్ట్ ఇన్‌చార్జ్ గంటకోసారి ఫోన్ చేసి ఒకటే అడిగారు: “చార్జింగ్ ఆంప్స్ తగ్గాయా బాబూ?”